కొయోమి పెట్టిన గుర్తులు

చిగుసా కోపం గురించి మా నాగిసె ఊళ్లో తెలియనివాళ్లు లేరు. రేవు పక్కన చేపల ఫ్యాక్టరీలో ఆమెతో కలిసి పనిచేసేవాళ్లకు తెలుసు, టౌన్ బస్సు డ్రైవర్లకు తెలుసు, పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చునే అమ్మాయికి మరీ బాగా తెలుసు. ఆదివారాలు ఆమె స్కౌట్ లీడరు. స్కౌట్లలో అందరికన్నా చిన్నవాళ్లది బీవర్ దళం, ఒకటి రెండు తరగతుల పిల్లలు. వాళ్లు పిలుచుకోవడానికి వీలుగా లీడర్లు తమకు ఏ పిట్ట పేరో పురుగు పేరో పెట్టుకుంటారు. చిగుసా తూనీగ అని పెట్టుకుంది. కమిటీ పెద్దలు మాత్రం ఆమె వెనకాల కందిరీగ అనుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దానికీ కోపమే.

అయితే ఆ మార్చి నెలలో ఆమెకు వచ్చిన కోపం రోజూ వచ్చేలాంటిది కాదు.

బడి ఏడాది చివర బీవర్ల పెద్ద కార్యక్రమం ఒకటుంటుంది. ఊరి వెనకున్న కొండెక్కడం, పైన సముద్రం చూడ్డానికి కట్టిన గాలిమేడ దగ్గర రెండో తరగతి పిల్లల మెడలో కొత్త స్కార్ఫ్ కట్టడం, వాళ్లని పై తరగతుల పిల్లలుండే కబ్ దళంలోకి పంపడం. ఈసారి వెళ్లాల్సినవాళ్లలో కొయోమి ఒకతి. ఆ పిల్లకు పుట్టుకతోనే ఎడమకాలు బలహీనం. మోకాలి కింద నుంచి బూటు దాకా గట్టి పట్టీ, చేతిలో పొట్టి కర్ర. మాట తక్కువ, మూతి ముడుచుకోవడం ఎక్కువ. దళంలో చేరిన రోజు నుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఆ పిల్లను కొండెక్కించడానికి చిగుసా చలికాలమంతా తల బద్దలు కొట్టుకుంది. ముందుగా వెళ్లి దారి చూసిరావడం లీడర్లందరూ చేసే పనే. ఈమె మాత్రం తన ఎడమకాలికి చెక్కపేడు కట్టుకుని మరీ ఎక్కి చూసింది. ఎక్కడ బూటు జారుతుందో, ఎక్కడ కర్ర దిగబడుతుందో, ఎక్కడ ఆయాసం వస్తుందో చూసుకుంది. ఆమెకు తోడు లీడరు హతానో గ్యాసు సిలిండర్లు వేసే మనిషి, భారీ మనిషి, నోరు కూడా భారీయే. అతనికి నవ్వాగలేదు.

"అమ్మా కందిరీగా! ఎవరైనా చూస్తే పోలీసులకు ఫోన్ చేస్తారు. దిగు, దిగు."

"నువ్వు నోరు మూసుకుని ఆ చెయ్యి ఇలా అందించు ముందు."

అలా తేలిన ప్లాను ఇది: పిల్లలందరూ ఒకే తాడు పట్టుకుని పాములా నడవాలి. తోక కొయోమి. తోక ఎంత మెల్లగా వస్తే పాము అంత మెల్లగా పోవాలి. ప్రతి మలుపులో కూర్చుని ఒక ఆట. ఎవరూ వెనకబడరు, ఎవరూ ఎదురుచూడరు. చిగుసాకు ఆ ప్లాను మీద ఎంత మురిపెమంటే, ఫ్యాక్టరీలో చేపల ట్రేలు సర్దుతూ కూడా దాన్ని తలుచుకుని నవ్వుకునేది.

దాన్ని, చూపించడానికి ఆ తాడు చుట్టనూ పట్టుకుని ఆదివారం సాయంత్రం సామాజిక భవనంలో కమిటీ మీటింగుకు వెళ్లింది. టైముకే వెళ్లింది. కానీ అప్పటికే అందరి కప్పుల్లో టీ అడుగంటింది. అంటే మాటలన్నీ ముందే అయిపోయాయి.

మా ఊళ్లో మీటింగంటే నిర్ణయం తీసుకునే చోటు కాదు. నిర్ణయం అంతకుముందే ఇంటింటికీ తిరిగి, గుమ్మాల్లో నిలబడి, మిఠాయి పెట్టెలు చేతిలో పెట్టి, వాతావరణం గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ తీసేసుకుంటారు. మీటింగులో తలలూపడమే మిగులుతుంది. అలా తిరిగిరావడంలో కమిటీ అధ్యక్షుడు మురొజుమి గారిని మించినవాడు లేడు. బళ్లో ఉపప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యారు. జన్మలో గొంతు పెంచిన మనిషి కాదు.

"లీడరు గారూ, మీ ప్లాను చాలా బాగుంది" అన్నారాయన.

ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇక ఆ ప్లాను లేనట్టే. హతానో బల్ల కిందికి చూడసాగాడు.

"బాగుంటే?" అంది చిగుసా.

"చిన్న సర్దుబాటు. మిగతా పిల్లలు హాయిగా గుర్తుల బాటలో, రాళ్ల బాణాలు చూసుకుంటూ నడిచొస్తారు. మన కొయోమి మాత్రం నా కారులో వెనక రోడ్డు మీదుగా ముందే పైకి వచ్చేసి, వచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టి స్వాగతం చెబుతుంది. ఎంత ముఖ్యమైన బాధ్యతో చూడండి."

"చప్పట్లు కొట్టడం బాధ్యతా?"

"పాపం, పిల్ల అలిసిపోకూడదు కదా."

"అలిసిపోతుందని ఎవరు చెప్పారు మీకు? కాలికి చెక్క కట్టుకుని ఎక్కింది మీరా, నేనా? ఎవరొద్దన్నారు నా ప్లాను? చెయ్యెత్తమనండి, చూస్తాను!"

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కప్పుల్లోకి చూశారు, అందులో ఏమీ లేకపోయినా.

"ఎవరూ వద్దనలేదండీ" అన్నారు మురొజుమి గారు మెత్తగా. "కొయోమి వాళ్లమ్మగారే స్వయంగా అడిగారు, మేం తప్పుకుంటాం, అందరికీ ఇబ్బంది ఎందుకని. తల్లి మాట కాదని మనం బలవంతపెట్టగలమా?"

కాదన్నవాడు ఎదురుగా ఉంటే కలబడొచ్చు. ఇక్కడ ఎవరూ కాదనలేదు. అందరూ మర్యాదగా నవ్వుతూనే ఒక పిల్లను కొండమీద నుంచి తీసేసి కారులో కూర్చోబెట్టారు. చిగుసా చేతిలోని తాడు చుట్టను బల్లమీద విసిరికొట్టి, బూట్లు సరిగా తొడుక్కోకుండానే బయటికి నడిచింది.

నేరుగా కొయోమి తల్లి మహో దగ్గరికే వెళ్లింది. స్టేషన్ ఎదుట అన్నం డబ్బాలు అమ్మే చిన్న దుకాణంలో మహో పని. వంట పొయ్యిలు ఆర్పేశారు. మహో ఒక్కతే నూనె కడాయి తోముతోంది.

"మీరే వద్దన్నారట! నిజమేనా మహో గారూ?" అంది చిగుసా గుమ్మంలోంచే.

మహో చేతులు ఆగాయి. "లోపలికి రండి. వీధిలో వద్దు."

"రాను. ముందు చెప్పండి."

"ఆయన వచ్చారు. మిఠాయి పెట్టె తెచ్చారు. మీ ఇష్టం ఎలా ఉంటే అలాగే చేద్దామన్నారు. ఆ తర్వాత, వానొస్తే దారి జారుతుందన్నారు. మిగతా తల్లులు పైకి అనకపోయినా లోపల కంగారు పడుతున్నారన్నారు. ఏదైనా జరిగితే చిగుసా లీడరు పేరు పోతుందని, అదే తన బాధ అన్నారు. అంతా విన్నాక నేనేం అనాలి? తప్పుకుంటాం లెండి అన్నాను. ఆయన అబ్బే అబ్బే అంటూనే అరగంట కూర్చుని, సరే అని వెళ్లారు."

"మీరెందుకు అన్నారండీ ఆ మాట? కన్నతల్లి కదా మీరు! నేను వాళ్లందరితో ఒంటిచేత్తో కొట్లాడుతుంటే మీరిక్కడ మిఠాయి తీసుకుని..."

మహో కడాయిని సింకులో ధడాలుమని పడేసింది. రెండేళ్లలో ఆమె గొంతు పెంచగా చిగుసా విన్నది అదే మొదలు.

"మీకేమండీ! వచ్చి అరుస్తారు, అరిచి వెళ్లిపోతారు. మీరు అరిచిన చోట మర్నాడు నిలబడేది నేను. బడి గేటు దగ్గర ఆ తల్లుల పక్కన నిలబడేది నేను. మీరు కోప్పడితే చిగుసా గారికి కోపమొచ్చింది అంటారు. నేను కోప్పడితే అందుకే ఆ పిల్ల అలా పుట్టింది అంటారు. ఆయన మిమ్మల్ని అడగకుండా నిర్ణయించారని మీకు మంట. మరి మీరు అడిగారా? తాడు, పాము, తోక... మా అమ్మాయిని తోక చేసేముందు ఒక్కసారి మా గుమ్మం తొక్కారా?"

నిజమే, చిగుసా వెళ్లలేదు. అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

అప్పుడు దుకాణం వెనక తెర పక్కకు జరిగింది. అమ్మ పని అయ్యేదాకా కొయోమి రోజూ అక్కడే బియ్యం బస్తాల మీద కూర్చుని చదువుకుంటుంది. ఆ పిల్ల కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది. ఏడ్చి కాదు.

"నేను కారెక్కను" అంది.

"అదే కదమ్మా నేనూ అంటున్నాను" అంది చిగుసా సంబరంగా.

"నీ తాడు కూడా పట్టుకోను."

"ఏం? ఎందుకని?"

"ఎందుకేంటి తూనీగక్కా? నేను చేరినప్పట్నించి అన్నీ కూర్చునే ఆటలే పెడుతున్నావు. చప్పట్ల ఆట కూర్చునే, బంతాట కూర్చునే. దొంగా పోలీసు కూడా కూర్చునే ఆడించావు! కూర్చుని ఎవరైనా దొంగను పట్టుకుంటారా? సోహె గాడు ఏమన్నాడో తెలుసా? నీ వల్లే మాకు పరిగెత్తే ఆటలు లేవు అన్నాడు. అందరికీ తెలుసు. నీకు తప్ప."

సూటిగా వచ్చి తగిలింది. రెండేళ్లుగా తను పెట్టిన ఆటలన్నీ చిగుసా కళ్ల ముందు తిరిగాయి. ఎంత తెలివిగా ఆలోచించానని మురిసిపోయిందో ఆ ఆటలన్నీ. ప్రతి ఆటలోనూ పిల్లలందరినీ కూర్చోబెట్టి, మధ్యలో ఈ పిల్లను దాచిపెట్టింది. మురొజుమి గారు కారులో దాద్దామనుకున్నారు, తను తాడుకు కట్టి దాద్దామనుకుంది. ఆమెకు తనమీద తనకే ఒళ్లు మండిపోయింది. అలాంటి కోపం ఆమెకు అలవాటు లేదు. ఆ పిల్ల ముఖం ఎదురుగా కనిపించేలా గుమ్మంలోనే కూర్చుంది.

"మరి నీకేం కావాలే?" అంది చివరికి.

కొయోమి ఆలోచించలేదు. ఎప్పటి నుంచో ఎవరైనా అడుగుతారని దాచుకున్న జవాబులా ఉంది. "గుర్తులు నేను పెడతాను."

గుర్తుల బాట అంటే, ముందు వెళ్లినవాళ్లు దారిలో రాళ్లతో, పుల్లలతో బాణాలూ కత్తెర గుర్తులూ పెట్టుకుంటూ పోవడం, వెనక వచ్చేవాళ్లు వాటిని వెతికి చదువుకుంటూ రావడం. పెట్టేది ఎప్పుడూ లీడర్లే. పెట్టేవాళ్లు అందరికన్నా ముందు బయల్దేరతారు. ఎంత మెల్లగానైనా నడవొచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. వాళ్లని ఎవరూ దాటిపోరు. వాళ్లు లేకపోతే వెనకవాళ్లకు దారే లేదు.

చిగుసా మహో వైపు చూసింది. ఈసారి అడిగింది. "ఏమంటారు మహో గారూ?"

మహో కడాయిని మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నేనూ వస్తాను. తెల్లారకముందే మొదలుపెడదాం."

మర్నాడు చిగుసా మురొజుమి గారింటికి వెళ్లి చెప్పింది. పెద్ద యుద్ధానికే సిద్ధపడి వెళ్లింది. ఆయన అంతా విని, కాసేపు చేతులు రుద్దుకుని, "అద్భుతం" అన్నారు. "ఎంత స్ఫూర్తిదాయకం లీడరు గారూ! తప్పకుండా చేయించండి. మిగతా ఏర్పాట్లు నేను చూసుకుంటాను."

ఏ ఏర్పాట్లని చిగుసా అడగలేదు. గెలిచానన్న సంతోషంలో ఉంది.

కొండెక్కే రోజు మంచు విడవకముందే ముగ్గురూ కొండ మొదట్లో ఉన్నారు. రాళ్లు, పుల్లల సంచీ మహో భుజాన ఉంది. కొయోమి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. జారే చోట కూర్చుని జరిగింది, నిలబడగలిగిన చోట నిలబడింది. ఒకచోట బోర్లా పడింది. చిగుసా పరిగెత్తబోతే మహో ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. పిల్ల లేచి, అరచేతులు దులుపుకుని, పడ్డ చోటే ఒక బాణం పెట్టింది.

మంచి కసి మీద పెట్టింది ఆ గుర్తులన్నీ. తేలిగ్గా కనిపించేవి ఒక్కటీ లేవు. ఒక బాణం రాతి వెనక, ఒకటి దుంగ మీద, ఒకటి బుల్లి పుల్లలతో నాచు మధ్యలో. రెండు దారులు చీలిన చోట వెళ్లకూడని దారికి కత్తెర గుర్తు పెట్టి, దానిమీద ఎండుటాకులు చల్లింది.

"ఇది మోసం కదే" అంది చిగుసా.

"సోహె గాడికి పరిగెత్తాలని ఉందిగా. పరిగెత్తనీ. తప్పు దారిలో పరిగెత్తి, మళ్లీ వెనక్కొస్తాడు."

చిగుసా పడీ పడీ నవ్వింది. ఈ పిల్లనా రెండేళ్లు కూర్చోబెట్టాను అనుకుంది. మహో కూడా నవ్వింది, నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకుంది.

గాలిమేడ కనిపించేసరికి కొయోమి జుట్టంతా చెమటకు అతుక్కుపోయింది. చివరి మెట్లు ఎక్కి, పైన నేలమీద కర్ర పొడిచి నిలబడింది. అప్పుడు అక్కడున్నది చూసింది.

మురొజుమి గారు, ఇద్దరు కమిటీ పెద్దలు కారులో ముందే వచ్చేశారు. గాలిమేడ ముందు ఒక కుర్చీ వేశారు. కుర్చీకి గులాబీ రంగు రిబ్బన్లు చుట్టారు. వెనక గుడ్డ బ్యానరు మీద "నీ పట్టుదలకు జోహారు, కొయోమీ" అని రాయించారు. ఊరి కేబుల్ టీవీ కుర్రాడు కెమెరా కాళ్లు సర్దుతున్నాడు. స్కార్ఫ్ కట్టాల్సిన మిగతా పిల్లలకు కుర్చీలు లేవు.

"అరె, అప్పుడే వచ్చేశారే!" అన్నారు మురొజుమి గారు చేతులు చాపుతూ. "రా తల్లీ, కూర్చో. అందరూ వచ్చాక నీ గురించి నాలుగు మాటలు చెబుతాను. నువ్వు ఎంత కష్టపడ్డావో ఊరంతా చూడాలి."

చిగుసా గుప్పిళ్లు బిగించి ఒక అడుగు ముందుకేసింది. ఆ కుర్చీని కొండమీద నుంచి సముద్రంలోకి విసిరేయాలని ఉంది. వెనక నుంచి ఎవరో ఆమె చొక్కా లాగారు.

"అరవకు తూనీగక్కా" అంది కొయోమి చిన్నగా. "నువ్వరిస్తే అందరూ నిన్నే చూస్తారు."

చిగుసా ఆగిపోయింది.

కొయోమి సంచీ అడిగి తీసుకుంది. కుర్చీకి ఎదురుగా, కెమెరాకు ఎదురుగా, నేలమీద చతికిలబడి రాళ్లు ఏరి పేర్చింది. మెల్లగా, ఒక్కొక్కటే. తర్వాత కర్ర ఆసరాతో లేచి, తల్లి చెయ్యి పట్టుకుంది.

"కబ్స్‌లోకి వస్తాను. నా స్కార్ఫ్ బుధవారం మా దుకాణానికి తెచ్చి కట్టు" అంది చిగుసాతో. "ఆ కుర్చీలో కూర్చోను."

"అమ్మగారూ, ఒక్క పావుగంట ఓర్చుకుంటే..." అన్నారు మురొజుమి గారు మహో వైపు తిరిగి.

"ఓర్చుకోం" అంది మహో. వంగి నమస్కారం మాత్రం పద్ధతిగా పెట్టింది. తల్లీ కూతుళ్లు వెనక రోడ్డు పట్టి మెల్లగా మలుపు తిరిగారు.

"అలసట. చిన్నపిల్ల కదా" అన్నారాయన కెమెరా కుర్రాడితో. "కాసేపట్లో తనే వస్తుంది."

చిగుసా పళ్ల మధ్య పెదవి నొక్కిపెట్టి నిలబడింది. అంతసేపు నోరు మూసుకుని ఆమె ఎన్నడూ ఉండలేదు.

ఎండ ముదిరాక కింద నుంచి అరుపులు వినిపించాయి. బీవర్లంతా ఒకరినొకరు తోసుకుంటూ, రొప్పుతూ, మోకాళ్లనిండా బురదతో మెట్లెక్కారు. వాళ్ల వెనక హతానో నాలుక బయటపెట్టి వస్తున్నాడు.

"ఎవరు పెట్టింది అక్కా ఈ గుర్తులు?" అరిచాడు సోహె. "రెండుసార్లు తప్పిపోయాం! నువ్వు పెట్టినవి మాత్రం కావు. నీవి ఎప్పుడూ ఈజీగా ఉంటాయి."

"కొయోమి పెట్టింది."

"అన్నీనా?" వాడు వెనక్కి తిరిగి కొండ దారంతా ఒకసారి చూశాడు. "ఏదీ? ఎక్కడుంది?"

పిల్లలు అటూ ఇటూ వెతికి, నేలమీది రాళ్ల దగ్గర ఆగారు. గుండ్రంగా రాళ్ల వలయం, నట్టనడుమ ఒకే ఒక్క రాయి. బీవర్లలో అది తెలియని పిల్ల ఉండదు. బాట అయిపోయింది, పెట్టినవాళ్లు ఇంటికి వెళ్లిపోయారు అని దాని అర్థం. అందరికన్నా చిన్నది నిజికా, ముందు పళ్లు లేని నోటితో పైకి చదివింది.

"నేను ఇంటికి వెళ్లిపోయాను."

"ఏమిటది, ఏమిటది?" అంటూ మురొజుమి గారు వచ్చారు. స్కౌట్ కమిటీకి అన్నేళ్లుగా అధ్యక్షుడు, ఆ గుర్తు ఏమిటో ఆయనకు తెలియదు. "ఆ రాళ్లు కెమెరాకు అడ్డంగా ఉన్నాయి. జరపండి పిల్లలూ, అందరూ కుర్చీ చుట్టూ నిలబడాలి." ఎవరూ కదలకపోయేసరికి బూటుతో పక్కకు నెడదామని ఆయనే కాలెత్తారు.

"తొక్కకండి!"

పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. గాలిమేడ మీది కాకులు లేచిపోయాయి. ఆ వయసు పిల్లలు ఊళ్లో పెద్దమనిషి మీద అలా అరవడం మా నాగిసెలో ఎవరూ ఎరగరు. సోహె ఆ వలయానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు, వాడి పక్కన నిజికా, ఆ పక్కన మిగతావాళ్లు. కెమెరా కుర్రాడు కుర్చీని వదిలేసి కెమెరాను ఇటు తిప్పాడు.

మురొజుమి గారు సాయం కోసం చిగుసా వైపు చూశారు. "లీడరు గారూ, పిల్లలకు కాస్త చెప్పండి."

"ఏం చెప్పమంటారు?" అంది చిగుసా. "మీరు చదవండి, అక్కడ రాసే ఉంది."

ఆయన ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక ఒంటికాలి మీద ఊగుతున్నారు.